నాలుగున్నరేళ్ళ పాప, రోజుకి ఆరు గంటల ప్యాచ్. మీరెలా ఉంచారు?

బుజ్జి_వాళ్ళమ్మ
మా పాపకి నాలుగున్నరేళ్ళు. కుడి కంటికి +5.5, ఎడమ కంటికి +1.5. కుడిది లేజీ ఐ అన్నారు, అంటే మెదడు ఆ కన్నుని సరిగా వాడుకోవట్లేదట. మెల్ల లేదు, చూడ్డానికి రెండు కళ్ళూ చక్కగా ఉంటాయి. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. స్కూల్లో కంటి పరీక్ష చేసినప్పుడు ఎడమ కన్ను మూయగానే గుక్కపెట్టి ఏడ్చిందట. అప్పుడు బయటపడింది.

మొదట మూడు నెలలు కళ్ళజోడు ఒక్కటే పెట్టమన్నారు. చూపు 6/60 (మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చదివేది ఆరు మీటర్ల నుంచి చదవడం) ఉన్నది 6/36కి వచ్చింది. ఇప్పుడు బాగున్న ఎడమ కంటికి రోజుకి ఆరు గంటలు ప్యాచ్ (కన్ను మూసేలా అతికించే పట్టీ) వేయమన్నారు.

ఇవాళ తొమ్మిదో రోజు. ఒక్క రోజూ ఆరు గంటలు కాలేదు. నిన్న గంటా నలభై నిమిషాలు, అదీ మూడు విడతల్లో. పీకి నేలకి అతికిస్తుంది, ఫ్రిజ్ తలుపుకి అతికిస్తుంది, ఒకటి మా ఆయన ల్యాప్‌టాప్ మీద దొరికింది. చెంప మీద ఎర్రగా దద్దుర్లు. మా అత్తయ్య "బాగున్న కన్ను మూసి పిల్లని గుడ్డిదాన్ని చేస్తారా" అని రోజూ ఒక రౌండు. డాక్టరు గారు రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు, ఇంట్లో ఆరు గంటలు నేను పడాలి. నిజంగా ఎవరైనా ఉంచగలిగారా?

ఇడ్లీపాత్ర
ఫ్రిజ్ తలుపు 😂 మా ఇంట్లో దేవుడి పటం. వెంకన్నకి ఒక కన్ను మూసేసింది.

రెండో_బెంచి
ఉంచాం. మావాడికి మూడేళ్ళప్పుడు మొదలు, రోజుకి ఆరు గంటలే. మొదటి రెండు వారాలు నరకం, అబద్ధం చెప్పను. నాకు అర్థమైంది ఒక్కటే, వాడిది మొండితనం కాదు. వాడికి నిజంగానే కనపడట్లేదు. మీరు ఒక పని చేయండి, పలచటి పాల కవరు రెండు మడతలు పెట్టి కళ్ళకి కట్టుకుని పది నిమిషాలు వంటింట్లో తిరగండి. నేను చేశాను. ఉప్పు డబ్బా దొరకలేదు. అప్పటి నుంచి వాడి మీద అరవడం మానేశాను. చూపు కొంచెం పెరిగాక గొడవ దానంతట అదే తగ్గింది.

పాత_పెన్ను
మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి? మెల్లకన్ను అదృష్టం అనేవాళ్ళు. పెద్దయ్యాక అదే సర్దుకునేది. పొన్నగంటి కూర, క్యారెట్, ములగాకు పెట్టండి. పసిదాన్ని హింసించకండి.

మామిడితాండ్ర
పాత_పెన్ను గారూ, ఆ పాపకి మెల్లే లేదు కదండీ, అదృష్టం ఎక్కడి నుంచి వస్తుంది 😄

కాకి_చూపు
@పాత_పెన్ను గారూ, సర్దుకోదండీ. సర్దుకోనివాణ్ణి నేనే. నాకు 34. ఎడమ కన్ను లేజీ. చిన్నప్పుడు ఒక డాక్టరు ప్యాచ్ వేయమంటే మా నానమ్మ మీలాగే అంది, నాన్న ఊరుకున్నారు. పొన్నగంటి కూర మాత్రం ఫుల్లుగా తిన్నాను. డిగ్రీ అయ్యాక రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ రాత పరీక్ష పాసయ్యాను, మెడికల్‌లో పోయింది. కళ్ళజోడు లేకుండా రెండు కళ్ళూ 6/6 ఉండాలి ఆ ఉద్యోగానికి. నా ఎడమ కన్ను ఎన్ని అద్దాలు మార్చినా 6/36 దాటలేదు. "అద్దంలో లోపం కాదు బాబూ, మెదడు ఆ కన్నుని వాడటం నేర్చుకోలేదు" అన్నారు అక్కడ.

ఇప్పుడు వేరే ఉద్యోగంలో బాగానే ఉన్నాను, బాధేం లేదు. కానీ త్రీడీ సినిమాకి వెళ్తే అందరూ వెనక్కి జరుగుతారు, నేను పాప్‌కార్న్ తింటూ వాళ్ళని చూస్తుంటాను. మా నానమ్మంటే నాకు ప్రాణం, కానీ ఆ ఒక్క విషయంలో ఆవిడ మాట వినకుండా ఉండాల్సింది.

బుజ్జి_వాళ్ళమ్మ
కాకి_చూపు గారూ, మీ పోస్టు అత్తయ్యకి చదివి వినిపిస్తాను.

కంటద్దాల_బాబాయి
ఆప్టోమెట్రిస్టుని (కంటి చూపు పరీక్షించి అద్దాలు రాసేవాణ్ణి), ఒంగోలు. ఈ వేదికలో ఎక్కువగా చదివి వెళ్ళిపోతాను కానీ ఇది నా సబ్జెక్టు.

కాకి_చూపు చెప్పిందే అసలు విషయం. పాప కుడి కంటి పవర్‌కీ ఎడమ కంటి పవర్‌కీ నాలుగు నంబర్ల తేడా ఉంది. మెదడుకి ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, ఇంకో కంటి నుంచి మసక బొమ్మ వస్తుంటే మసకదాన్ని పక్కన పెట్టేస్తుంది. పిల్లి పిల్లలకి ఒక కంటి రెప్ప కుట్టేసి పెంచి, మెదడులో దృష్టికి సంబంధించిన భాగం ఎలా మారిపోతుందో హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు చూపించారు. 1981లో నోబెల్ వచ్చింది వాళ్ళకి. ఎదిగిన పిల్లుల మీద అదే చేస్తే మార్పు రాలేదు. అందుకే పిల్లల విషయంలో మేం తొందరపడతాం.

అత్తయ్య గారికి చెప్పాల్సింది ఇది: బాగున్న కన్ను ఎక్కడికీ పోదు. దాన్ని కాసేపు కూర్చోబెట్టి రెండోదానితో పని చేయిస్తున్నాం, అంతే. మరీ ఎక్కువ గంటలు వేసేస్తే బాగున్న కంటి చూపు కొంచెం తగ్గడం అరుదుగా జరుగుతుంది. చెకప్‌కి రమ్మని తేదీలు ఇచ్చేది అందుకే. అవి మాత్రం తప్పించకండి.

మీకు ఆరు గంటలు ఎందుకో చెప్తాను. 2003లో అమెరికాలో రెండు అధ్యయనాలు వచ్చాయి, రెండూ ఏడేళ్ళ లోపు పిల్లల మీద. ఒక మోస్తరు లేజీ ఐకి, అంటే మన లెక్కలో 6/12 నుంచి 6/24 దాకా, రోజుకి రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా నాలుగు నెలల్లో ఫలితం దాదాపు ఒకటే. చూపు 6/30 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవాళ్ళకి ఆరు గంటలు వేసినా రోజంతా వేసినా ఒకటే. మీ పాప 6/36, రెండో గుంపు. అందుకే ఆరు.

పుల్లట్టు
అంటే రెండు గంటలు చాలని ఉన్నా మా డాక్టరు ఆరు రాశారా? మా బాబుకి 6/18.

కంటద్దాల_బాబాయి
పుల్లట్టు గారూ, ఫోరమ్‌లో నా మాట పట్టుకుని గంటలు తగ్గించేయకండి. మెల్ల ఉందేమో, వయసెంతో, ఇంతకుముందు ఏం వాడారో నాకు తెలీదు. వెళ్ళి అడగండి. అడిగితే కోప్పడే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

ఇడ్లీపాత్ర
బుజ్జి అమ్మగారూ, దద్దుర్లకి: పీకేటప్పుడు లాగొద్దు. కొబ్బరినూనె వేలితో అంచుల వెంబడి రాసి రెండు నిమిషాలు ఆగండి, దానంతట అదే ఊడుతుంది. మళ్ళీ వేసే ముందు నూనె పూర్తిగా కడగండి, లేదంటే అతుక్కోదు. ఒక రోజు నిలువుగా, ఒక రోజు కొంచెం వంకరగా వేస్తే రోజూ ఒకే చోట చర్మం పీకదు. రాత్రి నిద్రలో వేసి "ఆరు గంటలు అయిపోయింది" అనుకోకండి. నేను అనుకున్నాను 🙈 డాక్టరమ్మ నవ్వింది. కళ్ళు మూసుకుంటే ఏం లాభం మరి.

డాలస్_పిన్ని
మా అమ్మాయి అయిదేళ్ళప్పుడు చేశాం. ఇక్కడ రకరకాల బొమ్మలున్న ప్యాచ్‌లు దొరుకుతాయి. వాడేసిన ప్యాచ్‌లన్నీ ఒక పెద్ద చార్టు మీద అతికించి ముగ్గులా చేసేవాళ్ళం. పండగ ముగ్గు పూర్తయితే ఒక బహుమతి. నెలకొక ముగ్గు. గీతలు గీసింది మా అమ్మ, వీడియో కాల్‌లో, కాకినాడ నుంచి. చుక్కలు ఎన్నో ప్యాచ్‌లు అన్ని.

కళ్ళజోడుకి తొడిగే గుడ్డ ప్యాచ్ కూడా కొన్నాను, చర్మానికి హాయి. కానీ మా పిల్ల తల ఎత్తి ముక్కు పక్కన సందులోంచి చూసేది. నాలుగు రోజులు మెచ్చుకున్నాను, ఎంత బుద్ధిగా ఉందో అని. తర్వాత తెలిసింది.

రెండో_బెంచి
@డాలస్_పిన్ని అవును, గుడ్డది వేస్తే పిల్లలంతా గద్దలైపోతారు. తల వంకర పెట్టారంటే దొంగచూపే.

చారు_బొబ్బట్టు
ఎవరూ చెప్పట్లేదు కాబట్టి చెప్తున్నా. ఫోన్ ఇచ్చేయండి. ప్యాచ్ ఉన్నంతసేపే ఫోన్. మావాడు ప్యాచ్ తనే తెచ్చి ఇస్తాడు. సమస్య తీరింది.

మామిడితాండ్ర
ఆరు గంటలు ఫోనా?! ఒక జబ్బు పోగొట్టి ఇంకోటి తగిలించుకున్నట్టు ఉంది.

చారు_బొబ్బట్టు
మీరొచ్చి మా ఇంట్లో ఆరు గంటలు కథలు చెప్పండి మరి. నేను ఇంటి నుంచే పని చేస్తాను, మీటింగుల్లో ఉంటాను. ఫోన్ ఇవ్వకపోతే ప్యాచ్ లేదు. ఏది ఎక్కువ నష్టం?

ఇడ్లీపాత్ర
ఇద్దరూ కరెక్టే, కొట్టుకోకండి. మేం గంట టీవీ, దూరంగా కూర్చోబెట్టి. మిగతా ఆటలు.

కంటద్దాల_బాబాయి
దగ్గరి పనులే చేయించాలని మేం కూడా ఒకప్పుడు గట్టిగా చెప్పేవాళ్ళం. పూసలు గుచ్చడం, రంగులు వేయడం లాంటివి. 2008లో దాన్నీ పరీక్షించారు. రెండు గంటల ప్యాచ్ వేసి ఒక గుంపుతో దగ్గరి పనులు, ఇంకో గుంపుతో దూరం చూసే పనులు చేయించారు. తేడా రాలేదు. కాబట్టి పూసలే గుచ్చాలని లేదు. కళ్ళజోడు మీద ఉండాలి, ప్యాచ్ కింద ఉండాలి, పిల్ల మేలుకుని ఏదో ఒకటి చూస్తూ ఉండాలి. కళ్ళజోడు తీసేసి ప్యాచ్ ఒక్కటే వేస్తే సగం పని దండగ, అది మర్చిపోకండి. ఫోన్ ఎంతసేపు అన్నది వేరే తగువు, అది మీరూ మీరూ తేల్చుకోండి.

కరీంనగర్_కాకా
మా మనుమనికి ప్యాచ్ ఎంత చేసినా పెట్టుకోలే. చెంప మీద రక్తం వచ్చేదాక గోకిండు. అప్పుడు డాక్టర్ సాబ్ చుక్కల మందు రాసిండు, శని ఆదివారాలు మాత్రమే, బాగున్న కంట్లో. ఆ కన్ను మసకైతది, చచ్చినట్టు రెండో కన్నుతో చూడాలె. లొల్లి లేదు, పీకుడు లేదు. వాడు ప్యాచ్ ముచ్చటే మర్చిపోయిండు.

పుల్లట్టు
ఇంత సులువైతే అందరికీ అదే ఇవ్వచ్చు కదా?

కరీంనగర్_కాకా
సులువేం కాదు బిడ్డా. ఆ కంటి పాప పెద్దగైతది, ఎండల బయటికి పోతే కన్ను తెరువడు. టోపీ, నల్లద్దాలు. ఒక ఎండాకాలం ముఖం ఎర్రగై ఒళ్ళు కాలింది, భయపడి దవాఖానకి ఉరికినం. మందు వల్లనే అన్నరు, ఆపిన్రు, మళ్ళ చూసి ఇచ్చిన్రు. సీసా బీరువల పెట్టి తాళం వేసేవాళ్ళం, నోట్లో పోసుకుంటే విషం.

కంటద్దాల_బాబాయి
కాకా చెప్పింది అట్రోపిన్. 2002లో ప్యాచ్‌తో పోల్చి చూశారు, ఓ మోస్తరు లేజీ ఐకి ఆరు నెలల్లో ఇంచుమించు సమానం. వారానికి రెండు రోజులు వేస్తే రోజూ వేసినంత పని చేస్తుందని తర్వాత తేలింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు మాత్రం కాదు. కాకా జాగ్రత్త అందరూ చదవండి.

నిద్రలేని_నాన్న
నవ్వుకోవడానికి మా కథ. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళిపోతాం, ప్యాచ్ డ్యూటీ మా అమ్మది. మూడు వారాలు పిల్లాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. మా అమ్మ గొప్పదనం అని ఊళ్ళో అందరికీ చెప్పాను. ఒక శనివారం తొందరగా ఇంటికి వెళ్తే, ప్యాచ్ లేజీ కంటి మీద ఉంది. "నీరసంగా ఉన్న కంటికే కదరా రెస్టు కావాలి" అంది అమ్మ.

ఇడ్లీపాత్ర
😂😂😂 లాజిక్ కాదనలేం

కాకి_చూపు
వామనుడు దర్భపుల్ల గుచ్చాక శుక్రాచార్యులకి కూడా ఏ కంటికి కట్టు కట్టారో మరి.

నిద్రలేని_నాన్న
అప్పటి నుంచి బాగున్న కంటి వైపు కళ్ళజోడు కాడకి ఎర్ర దారం చుట్టాం. "అమ్మా, ఎర్ర దారం వైపు." మళ్ళీ పొరపాటు జరగలేదు. ఏడుపు మాత్రం మొదలైంది.

గోదారి_గట్టు
స్కూలు సంగతి ఎవరైనా చెప్పండి. మా పాప స్కూల్లో టీచరు "ఏడుస్తోంది, మిగతా పిల్లలు చూసి నవ్వుతున్నారు" అని ప్యాచ్ తీసేసి బ్యాగులో పెట్టి పంపేవారు. నెల తర్వాత తెలిసింది. నెల! నేనేమో రోజుకి నాలుగు గంటలు లెక్క రాసుకుంటున్నా.

డాలస్_పిన్ని
మేం క్లాసులో అందరికీ ఒక్కో ప్యాచ్ ఇచ్చాం, బొమ్మలకి వేసుకోమని. ఆ రోజు నుంచి మా పిల్ల హీరోయిన్.

గోదారి_గట్టు
పిన్నిగారూ, మా క్లాసులో యాభై రెండు మంది 🙂

రెండో_బెంచి
మేం స్కూల్లో వేయలేదు. బోర్డు కనపడక వాడు వెనకబడతాడని భయం. పొద్దున గంటన్నర, సాయంత్రం మూడున్నర, ఆదివారం ఎక్కువ. 6/18 వచ్చాక స్కూల్లో కూడా మొదలుపెట్టాం, అప్పటికి వాడికి ఇబ్బంది లేదు.

కంటద్దాల_బాబాయి
గోదారి_గట్టు గారూ, మీరొక్కరే కాదు. ఇంగ్లండులో ప్యాచ్‌కి చిన్న మీటరు తగిలించి పిల్లలు నిజంగా ఎన్ని గంటలు వేసుకుంటున్నారో కొలిచారు. చెప్పినదాంట్లో సగం దాకానే. వాళ్ళకీ ఫ్రిజ్‌లు ఉంటాయి కదా. కంటి పరీక్ష చార్టులో ఒక లైను కిందికి దిగడానికి, అంటే ఇంకొంచెం చిన్న అక్షరాలు చదవడానికి, సుమారు 120 గంటలు పడుతోందని కూడా లెక్క తేలింది. అందుకని నేను తల్లులకి చెప్పేది, రోజు లెక్క చూసి ఏడవకండి, నెల లెక్క చూడండి. అబద్ధం రాయకండి. మీరు ఆరు రాసి రెండే వేస్తే "ప్యాచ్ పనిచేయట్లేదు" అని డాక్టరు వేరే దారి పడతారు.

సున్నుండ
మాది అయిపోయిన కేసు అనుకున్నాం. ఆరు నెలల్లో 6/36 నుంచి 6/9. సంబరపడి మేమే ఆపేశాం, చెకప్‌కి కూడా వెళ్ళలేదు, ఊరు మారాం. అయిదు నెలల తర్వాత చూపిస్తే 6/18. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి వాడికి ఆరేళ్ళు, బుజ్జగిస్తే వినే వయసు దాటింది.

కంటద్దాల_బాబాయి
సున్నుండ గారి పోస్టు అందరూ రెండుసార్లు చదవండి. ఆపేసిన పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఏడాదిలోపు కొంత వెనక్కి వెళ్తుంది. ఆరు గంటలు వేసేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఇంకా ఎక్కువ మందికి. రెండు గంటలకి తగ్గించి, తర్వాత మానిపిస్తే తక్కువ. మానిపించేది డాక్టరే, మీరు కాదు. ఆరేళ్ళకి ఏం కాలేదు సున్నుండ గారూ. ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్లో కూడా చాలామందికి మెరుగైంది.

పాత_పెన్ను
అందరూ నా మీద పడ్డారు, సరే. నాకో సందేహం. మా తమ్ముడి మనవరాలికి ఏడాదిన్నర. ఫోటో తీస్తే ఒక కన్ను తెల్లగా మెరుస్తోంది, అదే కన్ను కొంచెం పక్కకి పోతోంది. మెల్లే కదా, మెల్లగా చూపిద్దాం అంటున్నారు.

కంటద్దాల_బాబాయి
పాత_పెన్ను గారూ, మెల్లగా కాదు, రేపు పొద్దున్నే. కంటి పాప తెల్లగా మెరవడం అంటే శుక్లం కావచ్చు, రెటీనాలో గడ్డ కావచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ చూసి చెప్పాల్సింది పిల్లల కంటి డాక్టరు. ఊళ్ళో లేకపోతే హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిది. ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి ఆసుపత్రులు విజయవాడ, విశాఖల్లో కూడా ఉన్నాయి. దయచేసి వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేయండి.

పాత_పెన్ను
చేశాను. రేపు బయల్దేరుతున్నారు.

పాత_పెన్ను
(నాలుగు రోజుల తర్వాత) శుక్లమట. పుట్టుకతో వచ్చింది. ఆపరేషన్ తేదీ ఇచ్చారు. తర్వాత ప్యాచ్ వేయాలట. నేనే వేస్తానని చెప్పాను. నవ్వకండి.

కాకి_చూపు
నవ్వట్లేదండీ. పొన్నగంటి కూర కూడా పెట్టండి.

బుజ్జి_వాళ్ళమ్మ
చాలా రోజులైంది, అందరికీ ఒకేసారి జవాబు. ఇప్పుడు తొమ్మిదో వారం.

ఫోన్ ఇచ్చాను, చారు_బొబ్బట్టు గారూ. రోజుకి నలభై నిమిషాలు. మిగతాది అష్టాచమ్మా. గవ్వలు లెక్కపెట్టడం దానికి తెగ నచ్చింది. మొదట్లో ప్రతి గవ్వనీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది, ఇప్పుడు నేల మీద ఉండగానే "నాలుగు" అనేస్తోంది. దొంగాట కూడా నేర్చింది.

అత్తయ్య మారారు. నా మాటల వల్ల కాదు, కాకి_చూపు గారి పోస్టు వల్ల కూడా కాదు (విని "పాపం" అని ఊరుకున్నారు). పోయిన ఏడాది ఆవిడకి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు ఒక రోజు కంటికి కట్టు కట్టారు. పాప ఆ ఫోటో ఫోన్‌లో చూసి "నానమ్మకి కూడా ప్యాచ్!" అంది. అంతే. "అవునే, నాకూ కట్టారు, నేను పీకానా?" అని ఆవిడ మొదలుపెట్టారు. పీకారు, నాకు గుర్తుంది, నర్సు అరిచింది కూడా. నేను నోరెత్తలేదు.

రోజుకి సగటున నాలుగున్నర గంటలు పడుతోంది. ఆరు ఇంకా కాలేదు. నిన్న చెకప్: 6/24. ఒక్క లైనే. డాక్టరు గారు గంటలు అలాగే కొనసాగించమన్నారు, మళ్ళీ ఆరు వారాలకి రమ్మన్నారు. ఈసారి రెండు నిమిషాలు కాదు, పావుగంట మాట్లాడారు, ఎందుకంటే గంటల లెక్క కాగితం తీసుకెళ్ళాను, అబద్ధాలు లేకుండా.

రెండో_బెంచి
ఒక్క లైనే అనకండి. మొదటి లైను దిగడమే కష్టం.

బుజ్జి_వాళ్ళమ్మ
ఇప్పటి కష్టం వేరే. గులాబి రంగు ప్యాచ్‌లు అయిపోయాయి. మా ఊరి షాపులో నీలం, చర్మం రంగు ఉన్నాయి. నీలం చూపిస్తే "ఇది అబ్బాయిలది" అని మంచం కిందకి విసిరేసింది. ఆన్‌లైన్‌లో వారం పడుతుందట.

పుల్లట్టు
మా దగ్గర రంగురంగుల డబ్బాలో గులాబివన్నీ అలాగే మిగిలాయి, మావాడు ముట్టడు. నీలంవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? మెసేజ్ పెట్టండి, మార్చుకుందాం.